ఊరికి నంబరు మిగిలింది, నోటికి నామం మిగిలింది

 

ఈ వారం వీడియోలో అరణ్యకాండ మొదలుపెట్టి, రాముడు దండకారణ్యంలో అడుగుపెట్టేవరకు చెప్పుకున్నాం కదా. ఆ దండకారణ్యంలో ఇప్పుడు ఎవరుంటున్నారన్నది రెండు మాటల్లో తేలే విషయం కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మనలో చాలామంది భద్రాచలం వెళ్లినవాళ్లమే. ఖమ్మం, కొత్తగూడెం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కగానే ఒళ్లు పులకరిస్తుంది. స్నానం, దర్శనం, ప్రసాదం. టైముంటే ముప్పై ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న పర్ణశాల. ఆ తర్వాత తిరుగు బస్సు. మన మ్యాపులో దండకారణ్యం అక్కడితో అయిపోతుంది.

కానీ రోడ్డు అక్కడ ఆగదండి. నెల్లిపాక దాటి చింతూరు దాకా అడవిలోనే సాగుతుంది. చింతూరు నుంచి ఒక దారి ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకి, ఇంకో దారి ఒడిశాలోని మోటుకి పోతాయి. మోటు దాటి కలిమెల, మల్కన్‌గిరి వైపు వెళ్తే బోర్డుల మీద కొన్ని వింత పేర్లు కనిపిస్తాయి. ఎంవీ-79. ఎంవీ-26. ఎంపీవీ అని మొదలయ్యేవి ఇంకొన్ని.

అవి మైలురాళ్లు కావు, బస్సు నంబర్లు కావు. ఊళ్ల పేర్లు! ఎంవీ అంటే ‘మల్కన్‌గిరి విలేజ్’. పొట్టేరు కాలువల కింద ఉన్నవి ఎంపీవీలు. ఇలాంటి ఊళ్లు మల్కన్‌గిరి జిల్లాలో రెండు వందలకు పైగా ఉన్నాయి. ఎంవీ-79 పేరుతో ఒక పోలీస్ స్టేషనే ఉంది. ఆ ఊళ్లలో ఇంటి భాష ఒడియా కాదు, తెలుగు కాదు, కోయ కాదు. బెంగాలీ.

రాముడు నడిచిన అడవిలోకి, గంగ ఒడ్డు నుంచి ఇంత దూరం బెంగాలీ భాష ఎలా వచ్చింది? ఊళ్లకు పేర్లు లేకుండా నంబర్లెందుకున్నాయి? ముందు ఆ కథ విందాం.

వనవాసం వాళ్లు కోరుకోలేదు

1947లో దేశం రెండయింది. తూర్పు బెంగాల్ తూర్పు పాకిస్తాన్ అయింది. బరిసాల్, ఖుల్నా, ఫరీద్‌పూర్, జెస్సోర్... ఇవన్నీ నీళ్ల జిల్లాలు. ఇంటి ముందు కాలువ, ఇంటి వెనక చెరువు, సంతకి వెళ్లాలన్నా పడవ. అక్కడ వరి పండించుకుంటూ, చేపలు పట్టుకుంటూ, పడవలు నడుపుకుంటూ బతికిన హిందువుల్లో ఎక్కువమంది నామశూద్రులు. అప్పటి కులాల లెక్కలో వాళ్లని అంటరానివాళ్లుగా చూసేవారు. డబ్బు, చదువు, కలకత్తాలో బంధువులు ఉన్నవాళ్లు ముందే వెళ్లిపోయారు. ఏమీ లేనివాళ్లు భూమిని నమ్ముకుని ఉండిపోయారు. 1950లో అల్లర్లు, మళ్లీ 1964లో అల్లర్లు. ఇక ఉండలేక కట్టుబట్టలతో సరిహద్దు దాటారు.

పశ్చిమ బెంగాల్ క్యాంపులు అప్పటికే నిండిపోయాయి. 1958లో కేంద్ర ప్రభుత్వం దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. అప్పటి ఒరిస్సాలోని కోరాపుట్ జిల్లా, అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లా దాని పరిధి. శరణార్థుల్ని రాయపూర్ దగ్గర మానా లాంటి క్యాంపుల్లో ఉంచి, అక్కణ్నుంచి పరల్‌కోట్, ఉమర్‌కోట్, మల్కన్‌గిరి ప్రాంతాలకు పంపారు. అడవి కొట్టి గీతలు గీసి, ఇంటికో స్థలం, కొంత పొలం ఇచ్చారు. ఊరికి పేరు పెట్టే తీరిక ఎవరికుంది? ఫైల్లో వేసిన నంబరే పేరయింది.

ఒక్కసారి ఆలోచించండి. నీళ్లలో పుట్టి పెరిగినవాడు. కళ్లు తెరిస్తే ఎర్రమట్టి, రాళ్లు, సాల అడవి, మలేరియా. నాగలి దిగని నేల. చుట్టూ ఉన్నవాళ్ల మాట తనకి రాదు, తన మాట వాళ్లకి రాదు. తన పుట్టిన ఊరికి వందల ఏళ్ల పేరుంది, ఇప్పుడున్న ఊరికి ఒక అంకె ఉంది. బెంగాల్‌లో కృత్తివాసుడు రాసిన రామాయణాన్ని ఇంటింటా చదువుతారు. దండకారణ్యం అనే మాట వాళ్లు పుస్తకంలో విన్నదే. తామే అక్కడికి పోవాల్సి వస్తుందని ఎవరు అనుకుంటారండీ?

రాముడికి పద్నాలుగేళ్లని లెక్క తెలుసు. వీళ్లకి ఆ లెక్క కూడా ఎవరూ చెప్పలేదు.

1978లో వేల కుటుంబాలు ఈ భూములు వదిలేసి మళ్లీ నీళ్ల దేశానికి బయల్దేరాయి. సుందరవనాల్లో మరిచ్‌ఝాపి అనే దీవిలో సొంతంగా ఇళ్లు కట్టుకున్నాయి, బడి పెట్టుకున్నాయి. అది రిజర్వ్ అడవి, ఉండటానికి వీల్లేదని ప్రభుత్వం 1979లో దిగ్బంధం చేసి, పోలీసుల్ని దింపి ఖాళీ చేయించింది. ఆకలితో, రోగాలతో, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మిగిలినవాళ్లలో చాలామంది మళ్లీ ఇక్కడికే, ఈ నంబర్ల ఊళ్లకే తిరిగొచ్చారు. రెండోసారి వనవాసం.

సాయంత్రం ఆరు గంటలకి ఆ ఊరు

ఇప్పుడు ఆ ఊళ్లోకి వెళ్దాం. అరవై ఏళ్లలో వాళ్లు ఏం చేశారో చూద్దాం.

మొదట కనిపించేది నీళ్లు. రాతి నేలలో కూడా చెరువు గుంటలు తవ్వేశారు. ‘పుకుర్’ అంటారు. అందులో చేపలు, గట్టు మీద అరటి, కొబ్బరి. బాలిమెల రిజర్వాయరు నీళ్లు పొట్టేరు కాలువల్లోకి వచ్చాక వరి, కూరగాయలు బాగా పండుతున్నాయి. సంతల్లో కూరగాయలు, చేపలు అమ్మేవాళ్లలో వీళ్లు చాలామంది ఉంటారు. మట్టి గోడలు, అలికిన వాకిలి, పైన గడ్డో రేకో. మన పల్లెటూరి ఇంటికీ దీనికీ పెద్ద తేడా అనిపించదు. ఆ వాకిట్లో మీరు వెంటనే గుర్తుపట్టేది ఒకటుంటుంది. తులసికోట.

పొద్దు గుంకగానే ఇల్లాలు దీపం పట్టుకుని తులసి దగ్గరికి వస్తుంది. కొంగు తల మీద కప్పుకుని దీపం పెడుతుంది. శంఖం ఊదుతుంది. అవునండి, ఆడవాళ్లే శంఖం ఊదుతారు. ఆ వెంటనే నాలుక ఆడిస్తూ ‘ఉలు ఉలు’ అని మంగళధ్వని చేస్తుంది. ఒక ఇంట్లో మొదలైతే పక్కింట్లో, ఆ పక్కింట్లో... ఊరంతా శంఖాలు మోగుతాయి. ఊరికి నంబరే ఉండొచ్చు, ఆ సమయంలో అది గుడిలా ఉంటుంది.

శ్రావణంలో మానసాదేవి పూజ. పాముల తల్లి ఆవిడ. మన నాగుల చవితి గుర్తొస్తుంది కదా. ఆశ్వయుజంలో దుర్గా పూజ, ఆ పౌర్ణమికి లక్ష్మీ పూజ. సంక్రాంతికి కొత్త బియ్యప్పిండి, ఖర్జూరపు బెల్లంతో ‘పిఠే’ చేస్తారు. అదే రోజుల్లో మన ఇళ్లల్లో అరిసెలు. పిండి అదే, బెల్లం వేరు. భక్తి అదే, భాష వేరు.

అన్నిటికన్నా పెద్దది హరినామ సంకీర్తన. ‘అష్టప్రహర్’ అంటే ఎనిమిది జాములు, అంటే రాత్రీ పగలూ కలిపి ఇరవై నాలుగు గంటలు నామం ఆగకుండా పాడతారు. ఖోల్ అనే మట్టి మృదంగం, కరతాళాలు. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు అందుకుంటుంది. చివర్లో అందరికీ నేల మీద బంతి వేసి వేడి వేడి ఖిచుడీ. ఎవడు ఏ ఊరివాడని అడగరు, ఆకు వేస్తారు.

ఇందులో చాలామంది మతువా సంప్రదాయం వాళ్లు. హరిచాంద్ ఠాకూర్ 1812లో ఫరీద్‌పూర్ ప్రాంతంలో పుట్టారు. గుడి మెట్లు ఎక్కనివ్వని జనానికి ఆయన చెప్పిందేమిటి? సంసారం వదలక్కర్లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. చేతిలో పని ఉండాలి, నోట్లో నామం ఉండాలి. అదే సాధన. ఆయన కొడుకు గురుచాంద్ ఠాకూర్ దానికి ఇంకొకటి జోడించారు: పిల్లల్ని చదివించండి. తిండి తగ్గినా సరే, బడి మానొద్దని.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. మనిషి దగ్గర్నుంచి ఏమేం లాక్కోవచ్చు? పొలం, ఇల్లు, పడవ. చివరికి ఊరి పేరు కూడా. వీళ్లకి అన్నీ పోయాయి. నామం మాత్రం పోలేదు. దాన్ని మూట కట్టక్కర్లేదు, సరిహద్దు దగ్గర చూపించక్కర్లేదు. నోట్లో పెట్టుకుని వచ్చేశారు.

మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నకీ ఇదే కదా జరిగింది. తహశీల్దారు పదవి పోయింది, పరువు పోయింది, గోల్కొండ చెరసాల మిగిలింది. అందులో కూర్చుని రాముడి పేరు పట్టుకున్నాడు. అందుకే ఆయన మనకి గోపన్నగా కాదు, రామదాసుగా గుర్తున్నాడు.

తక్కువ పడిన ఒక్క పువ్వు

కృత్తివాస రామాయణంలో ఒక కథ ఉంది. వాల్మీకిలో కనిపించదు. కానీ ప్రతి బెంగాలీ పిల్లవాడికీ తెలుసు.

లంకలో యుద్ధం జరుగుతోంది. రావణుణ్ని గెలవాలంటే దేవి అనుగ్రహం కావాలి. కానీ అది శరదృతువు. దేవతలు నిద్రలో ఉండే కాలం. పూజకి తగిన కాలం కాదు. రాముడు తన ఇంట్లో లేడు, పూజ చేయడానికి పక్కన సీత లేదు, కాలమూ తనది కాదు. అయినా సముద్రం ఒడ్డున కూర్చుని పూజ మొదలుపెట్టాడు. దీన్నే ‘అకాల బోధన’ అంటారు. కాలం కాని కాలంలో అమ్మని మేలుకొలపడం.

నూట ఎనిమిది నల్లకలువలు కావాలి. హనుమంతుడు తెచ్చాడు. ఒక్కొక్కటే సమర్పిస్తూ వచ్చాడు రాముడు. నూట ఏడు అయ్యాయి. చెయ్యి చాపితే నూట ఎనిమిదోది లేదు! పరీక్ష పెట్టడానికి అమ్మవారే దాచేసింది. రాముడు చుట్టూ చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. నా కళ్లని అందరూ కలువల్లాంటివంటారు కదా! బాణం తీసి కంటి దగ్గర పెట్టుకున్నాడు. అమ్మవారు వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఈ రోజు దేశమంతా చూస్తున్న దుర్గా పూజ వెనక బెంగాల్ చెప్పుకునే కథ ఇది. ఇప్పుడు దీన్ని ఎంవీ నంబర్ ఊళ్లో కూర్చుని వినండి. పూజ చేసుకోవడానికి మన ఊరు కాదు, మన కాలం కాదు, సామాన్లు సరిపోవు. అన్నీ కుదిరాక చేద్దాం అనుకుంటే ఎప్పటికీ చేయలేం. తక్కువ పడిన పువ్వు దగ్గర నిన్ను నువ్వు పెట్టాలి. ఇంటికి దూరంగా ఉన్న దేవుడి కథని, ఇంటికి దూరమైన మనుషులు పట్టుకున్నారు.

హాస్టల్లో, పీజీలో ఉంటూ ‘ఇక్కడ పూజ గది లేదండి, ఉద్యోగం సెటిలయ్యాక మొదలుపెడతాను’ అని రాసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఇదే నా జవాబు. మీ ఫ్లాటుకీ నంబరే కదా ఉంది!

వచ్చినవాడి కష్టం, ఉన్నవాడి నష్టం

ఇంతవరకు విని ‘పాపం’ అనుకుని వదిలేస్తే అది సగం కథే అవుతుంది. రెండో సగం చెప్పకపోతే అధర్మం.

ఆ అడవి ఖాళీగా లేదండి. కోయలు, ఇంకా ఎన్నో ఆదివాసీ జాతులు తరతరాలుగా ఉన్న నేల అది. శరణార్థులకి భూమి ఇచ్చినప్పుడు అది ఎవరి అడవి, ఎవరి పోడు అని వాళ్లని అడిగినవాళ్లు తక్కువ. వచ్చినవాడి కష్టం నిజం. ఉన్నవాడి నష్టమూ నిజం. అరవై ఏళ్లుగా ఒకే సంతలో కొనుక్కుంటూ, అమ్ముకుంటూ, ఒకరి పండుగ ఒకరు చూస్తూ బతికిన రోజులే ఎక్కువ. కానీ లోపల భూమి గొడవ రగులుతూనే ఉంది. 2025 డిసెంబరులో ఒక కోయ మహిళ హత్యకు గురైంది. ఆ కోపంలో ఎంవీ-26లో బెంగాలీల ఇళ్లు తగలబడ్డాయి. చనిపోయిన ఆ తల్లి కుటుంబం ఏడ్చింది. ఏ తప్పూ చేయనివాళ్ల ఇళ్లూ బూడిదయ్యాయి. మూడోసారి కట్టుబట్టలతో నిలబడ్డవాళ్ల సంగతి ఏమని చెప్పాలి?

ఇక్కడ ఎవరి పక్షం అని అడిగితే, నేను అరణ్యకాండ తెరుస్తాను.

రాముడు దండకారణ్యంలోకి ఎలా వెళ్లాడో చూడండి. చక్రవర్తి కొడుకు. చేతిలో కోదండం. ‘ఈ చోటు నాది’ అని పాతుకోలేదు. అగస్త్యుడి దగ్గరికి వెళ్లి, నీళ్లు, చెట్లు ఉన్న చోటు ఏదైనా చూపించండి, ఆశ్రమం కట్టుకుంటాను అని అడిగాడు. ఆయన చూపించిన చోట లక్ష్మణుడు ఆకులతో, మట్టితో కట్టాడు. మేడ కాదు, పర్ణశాల. వచ్చినవాడు ఎలా ఉండాలో అది. అడగాలి. తక్కువలో ఉండాలి.

అదే అరణ్యకాండలో సీతమ్మ ఒక మాట అంటుంది. చాలామంది ప్రవచనాల్లో ఇది దాటిపోతారు. చేతిలో ఆయుధం ఉంటే మనసు మెల్లగా అటే లాగుతుంది, మనతో వైరం లేనివాళ్లని చంపవద్దు అని భర్తకే చెబుతుంది. అడవిలో నిలబడి చెప్పింది ఆ మాట. ఆవిడ మాటలో ప్రేమ ఉందని రాముడు సంతోషించాడు.

మరి ఉన్నవాడు ఎలా ఉండాలి? దానికి శబరి ఉంది. గుహుడు ఉన్నాడు. ఇంకా దగ్గరగా, మన భద్రాచలంలోనే పోకల దమ్మక్క ఉంది. పుట్టలో ఉన్న స్వామిని మొదట కనుగొన్నది ఆ అడవితల్లే అని స్థలపురాణం. ఆవిడ దగ్గర గోపురం కట్టే డబ్బు లేదు. పందిరి వేసింది. తాటిపండు నైవేద్యం పెట్టింది. మనం ఇప్పుడు టికెట్ కొని చూసే కల్యాణానికి వందల ఏళ్ల ముందు, రాముడికి భద్రాచలంలో మొదటి నీడ ఒక అడవి ఆడమనిషి వేసిన పందిరి!

కాబట్టి రాముడు ఎవరి పక్షం? రాముడు ఇద్దరిలోనూ ఉన్నాడు. చోటు అడిగేవాడిలోనూ ఉన్నాడు, పందిరి వేసే చేతిలోనూ ఉన్నాడు. వీళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చేసేది ఏదైనా సరే, దానికి మనం ఏ పేరు పెట్టినా, అది రామకార్యం కాదు.

ఒకే నీరు

భద్రాచలం చుట్టూ ఉన్న అడవి సరిహద్దులో నిరాశ్రయులు బెంగాలీలు ఒక్కరే కాదు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో హింస భరించలేక ఎందరో గుత్తికోయలు ఖమ్మం అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. పోలవరం ముంపుతో కూనవరం, వీఆర్ పురం వైపు కోయలు, కొండరెడ్లు ఊళ్లు వదలాల్సి వస్తోంది. తెలంగాణలోనే కాగజ్‌నగర్ దగ్గర కూడా బెంగాలీ శరణార్థుల ఊళ్లున్నాయి. అందులో ఒకదానికి కవి పేరుంది, నజ్రుల్‌నగర్. రాముడి అడవి ఇప్పటికీ ఇల్లు పోయినవాళ్ల అడవే.

మ్యాపులో ఇంకొకటి చూడండి. ఆ బెంగాలీ పొలాల్ని తడిపిన పొట్టేరు నీళ్లు శబరి నదిలో కలుస్తాయి. శబరి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి పాపికొండలు దాటి రాజమండ్రి, కొవ్వూరు చేరుతుంది. సరిగ్గా ఆ ఒడ్డునే, 1510 ప్రాంతంలో, బెంగాల్ నుంచి వచ్చిన ఒక యువ సన్యాసి స్నానం చేసి నామం పాడుతూ కూర్చున్నాడు. చైతన్య మహాప్రభువు. గజపతుల తరఫున ఆ ప్రాంతాన్ని ఏలుతున్న రామానందరాయలు ఆయన్ని కలిశాడు. ఇద్దరూ రాత్రుళ్లు కూర్చుని భక్తి గురించి మాట్లాడుకున్నారు. సన్యాసి అడిగాడు, అధికారి చెప్పాడు. గురువు ప్రశ్నలు వేయడం, గృహస్థు జవాబులు చెప్పడం! గౌడీయ వైష్ణవులకి ఆ సంభాషణ ప్రాణం.

అంటే గోదావరికి బెంగాలీ నామం కొత్త కాదండి. ఐదు వందల ఏళ్ల కిందటే వింది. అప్పుడు వచ్చినవాడిని మనవాళ్లు ‘ఎక్కడివాడివి, కాగితం ఏది’ అనలేదు. కూర్చోబెట్టి మాట్లాడారు.

నువ్వు ఏ పేరుతో పిలుస్తున్నావు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది ఎక్కడో అడవిలో ఉన్నవాళ్ల గురించి మాత్రమే కాదు.

హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంట్ కట్టిన మేస్త్రీల్లో, మీ బిర్యానీ సెంటర్లో వంట చేసేవాళ్లలో, బంగారం పని చేసే కుర్రాళ్లలో బెంగాలీ మాట్లాడేవాళ్లు ఉంటారు. ఆ భాష చెవిన పడగానే మనలో కొందరి నోట్లోంచి ఒక మాట వచ్చేస్తుంది. ‘బంగ్లాదేశీ’. తిట్టులాగా. అతను నదియా వాడో, ముర్షిదాబాద్ వాడో, మల్కన్‌గిరిలో పుట్టిన ఒడిశా వాడో మనకి తెలియదు. అడగం. అతని తాత ధర్మం కోసమే ఇల్లు వదిలి వచ్చి ఉండొచ్చు. వేరే మతంవాడైతే మాత్రం? పొద్దున్నుంచి ఇటుకలు మోసిన మనిషికి మర్యాద ఇవ్వడానికి మతం అడ్డమా? విభీషణుడు శత్రువు తమ్ముడు. శిబిరంలో చాలామంది అనుమానించారు. రాముడు మాత్రం, శరణు అన్నవాడు ఎవరైనా సరే అభయం ఇస్తాను, అది నా వ్రతం అన్నాడు. చట్టం తన పని తాను చూసుకుంటుంది. దానికి ఆఫీసులున్నాయి, అధికారులున్నారు. మనిషికి పేరు పెట్టి అవమానించే పని మనకి ఎవరూ అప్పగించలేదు.

పొద్దున నూట ఎనిమిది సార్లు దేవుడి పేరు తలిచి, సాయంత్రం ఎదుటి మనిషిని పేరుతో కాకుండా ముద్రతో పిలిస్తే, పొద్దున చేసిన జపం ఎటు పోయినట్టు? నామం అంటే గౌరవంగా పిలవడమే. దేవుణ్ని అలా పిలవడం నేర్చుకున్న నోరు మనిషిని కూడా అలాగే పిలవాలి. ఒక ప్రభుత్వం ఒక ఊరిని నంబరుతో పిలిచింది, అరవై ఏళ్లయినా ఆ గాయం బోర్డు మీద కనిపిస్తూనే ఉంది. మనం ఒక మనిషిని అలా పిలిస్తే అది ఎన్నేళ్లు ఉంటుందో!

ఈ వారం చేయాల్సింది

ఎప్పటిలాగే ఎక్కువ చెప్పను. మూడే.

ఒకటి. రోజుకి పదకొండు నిమిషాలు నామం. కూర్చుని కాదు, పని చేస్తూ. గిన్నెలు తోముతూ, మెట్రోలో నిలబడి, కోడ్ రాసే ముందు. ఏ నామమైనా సరే. చేతిలో పని, నోట్లో నామం.

రెండు. మీ చుట్టూ రోజూ కనిపిస్తూ, మీకు పేరు తెలియని ఒక్క మనిషిని పేరు అడగండి. వాచ్‌మన్ అన్న కావచ్చు, డెలివరీ తమ్ముడు కావచ్చు, సైట్ దగ్గర బెంగాలీ మాట్లాడే కుర్రాడు కావచ్చు. ‘నీ పేరేంటి తమ్ముడూ, మీది ఏ ఊరు?’ అని నవ్వుతూ అడగండి. విచారణ చేస్తున్నట్టు కాదు సుమా! రేపటి నుంచి ఆ పేరుతోనే పిలవండి.

మూడు. ఈసారి భద్రాచలం వెళ్తే దర్శనం అయ్యాక గోదావరి గట్టు మీద ఐదు నిమిషాలు నిలబడండి. తూర్పు వైపు, శబరి వచ్చే దిక్కుకి తిరిగి, అడవిలో ఉన్న అందరి కోసం ఒక్క దణ్ణం పెట్టండి. కోయ గూడెంలో ఉన్న అమ్మ కోసం, ఎంవీ ఊళ్లో తులసి దగ్గర శంఖం ఊదే అమ్మ కోసం, ఇద్దరి కోసం.

మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు దాదాపు 174 కిలోమీటర్ల రైలు మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. మల్కన్‌గిరివాళ్లు తమ కొండని రాముడు వానాకాలం గడిపిన మాల్యవంతం అని చెప్పుకుంటారు. ఏటా మాల్యవంత మహోత్సవం చేస్తారు. రేపు ఆ రైలు వస్తే రాముడు ఎదురుచూసిన కొండ నుంచి రాముడు వెలసిన కొండకి జనం కొన్ని గంటల్లో వచ్చేస్తారు. ఆ రైలు దిగి ఒక బెంగాలీ అమ్మ భద్రాచలం క్యూలో మీ ముందు నిలబడితే, ఆవిడకి తెలుగు రాకపోతే, కాస్త జరిగి చోటివ్వండి. దమ్మక్క వేసిన పందిరి అందరికీ సరిపోతుంది.

వచ్చే వారం శబరి కథతో కలుద్దాం. అంతవరకు నామం మరవకండి, పేరు పెట్టి పిలవడం మరవకండి.

జై శ్రీరామ్. హరి బోల్.